కాపీ ఎవరికీ లేదు

నర్సింగం అర్జీ చెప్పేటప్పుడు పక్కన ఎవరు దగ్గినా ఆయనకు గిట్టదు. గోదావరిఖనిలో ఆ కాలనీ అంతటికీ ఈ సంగతి తెలుసు. తెలియనిది తౌఫీఖ్ నెట్ సెంటర్‌లోని పాత కూలర్‌కు ఒక్కదానికే. అది తన మానాన తాను గురగురలాడుతూ తడిగడ్డి వాసన గాలిని ఆయన మెడ మీదికి విసురుతోంది.

"రాసినవా సబా బిడ్డా? రెస్పెక్టెడ్ సర్, కామా. ఐ బెగ్ టు స్టేట్ ద ఫాలోయింగ్ ఫ్యూ లైన్స్ ఫర్ యువర్ కైండ్ అండ్ సింపథెటిక్ కన్సిడరేషన్."

తౌఫీఖ్ చెల్లెలు సబా టకటకా కొట్టింది. 'బెగ్' అన్న మాట దగ్గర మాత్రం ఆమె వేళ్లు కాస్త ఆగాయి. వెనక స్టూలు మీద కూర్చున్న జమున వైపు తిరిగి చూసింది. జమున చూపు మామ వీపు మీదే ఉంది.

అనడానికి ఏముంది? ఆయన బొగ్గుబాయిలో మస్టర్ క్లర్కుగా కార్మికుల హాజరు వేసి వేసి రిటైరైన మనిషి. కాలనీలో ఎవరికి క్వార్టర్ కావాలన్నా, ఎవరి ట్రాన్స్‌ఫర్ ఆగాలన్నా ఆయన అరుగు ఎక్కాల్సిందే. ఆయన రాసిన అర్జీ చదివి ఒక పెద్ద ఆఫీసరు జేబురుమాలుతో కళ్లొత్తుకున్నాడని కాలనీలో ఒక కథ ఉంది. ఆ కథ మొదట నీకెవరు చెప్పారని అడిగితే మాత్రం అందరూ నర్సింగం పేరే చెబుతారు.

ఇప్పుడు అవసరం ఆయన ఇంట్లోనే వచ్చి పడింది. కోడలు జమున మరో ఐదుగురు ఆడవాళ్లతో కలిసి ఇంటి వెనక రేకుల షెడ్డులో తోలు గ్లౌజులు కుడుతుంది. కొలిమి దగ్గర, కాలిన ఇనుము దగ్గర పనిచేసేవాళ్లు తొడుక్కునే మందపాటి తొడుగులు. ఇంతకాలం మంచిర్యాల వ్యాపారి ఒకాయన వాటిని కొని ఫ్యాక్టరీలకు అమ్ముకునేవాడు. ఉగాది వెళ్లిన తర్వాత ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. బస్సెక్కి వెళ్లి అడిగితే, సరుకు బయటి నుంచి ఇంకా చవకగా వస్తోందమ్మా అని చల్లగా చెప్పి మజ్జిగ ఇప్పించి పంపాడు. వానలు పడేలోగా కొనేవాళ్లు దొరక్కపోతే మిషన్లు అమ్ముకుని షెడ్డు మూసుకోవాలి. ఆరుగురూ మళ్లీ ఎండలో కూలికి పోవాలి.

"ఫ్యాక్టరీల అడ్రసులన్నీ కంప్యూటర్ల ఉంటయి జమునక్కా, నేరుగ వాళ్లకే మెయిల్ రాద్దం," అన్నది సబా.

"మెయిలంటే ఏంది, ఉత్తరమే గద! నేనుండంగ ఉత్తరం ఇంకొకలు రాసుడేంది?" అన్నాడు నర్సింగం.

దాంతో ఆ పెత్తనం ఆయన చేతికి పోయింది.

"గ్లౌజుల సంగతి ఎక్కడొస్తది మామా?" జమున మెల్లగా అడిగింది.

"వస్తది, వస్తది. ముందుగాల మన కష్టం చెప్పాలె. కష్టం చెప్పకుండ సరుకు సంగతి చెప్తే ఆఫీసరుకు అది పొగరు లెక్క కొడ్తది."

కష్టం పేజీ నిండా వచ్చింది. భర్తల చాలీచాలని సంపాదన వచ్చింది, ఎండ వచ్చింది, బొగ్గు దుమ్ము వచ్చింది, నిరుపేద అబలలు అన్న మాట ముమ్మారు వచ్చింది. షెడ్డులో అందరికన్నా పెద్దది సమ్మవ్వ. ఆమెను ఎదురుగా నిలబడి అబల అని పిలిచే ధైర్యం ఈ జిల్లాలో ఎవరికీ లేదు. గ్లౌజుల మాట ఆఖరున రెండు ముక్కల్లో తొంగిచూసి వెళ్లిపోయింది.

మెయిల్‌కు జతచెయ్యడానికి ఒక కాగితం కూడా ఉంది. ముందు రోజే ఆయన ఆరుగురి వేలిముద్రలూ దాని మీద తీసుకున్నాడు. ఒక్కొక్కరి బొటనవేలు తానే పట్టుకుని, ఇంకు ప్యాడ్ మీద అద్ది, కాగితం మీద ఇటు నుంచి అటు దొర్లించి నొక్కాడు. ఎవరి వేలూ వాళ్లకు వదిలెయ్యడు, ముద్ర చెదురుతుందని ఆయన భయం.

"నేను సంతకం చేస్త మామా," అంది జమున తన వంతు వచ్చినప్పుడు. ఇంటర్ దాకా చదివిన పిల్ల.

"సంతకం చూస్తే జాలి పుట్టదు బిడ్డా. ఏలుముద్ర చూస్తేనే పుడ్తది. ఏదీ, చెయ్యి తే."

ఆయన ప్రేమగానే పట్టుకున్నాడు. ఆమె వేలు కూడా అందరి వేళ్లలాగే నల్లబడింది. సబ్బు పెట్టి ఎంత రుద్దినా గోటి మొదట్లో ఆ నలుపు పోలేదు. ఇప్పుడు స్టూలు మీద కూర్చుని జమున ఆ వేలినే చూసుకుంటోంది.

"ఇగ కాపీ టు," అన్నాడు నర్సింగం హుషారుగా. ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. కలెక్టరు గారికి, ఎమ్మెల్యే గారికి, లేబర్ ఆఫీసుకు, యూనియన్ లీడరుకు ఒక్కో కాపీ. తర్వాత సబా వెతికి పెట్టిన ఫ్యాక్టరీల అడ్రసులన్నీ ఒకే వరసలో.

"కాకా, అందరికి ఒక్కతీర్గ పెడ్తే అందరి పేర్లు అందరికి కనబడ్తయి," అంది సబా.

"కనబడాలె! గందుకే గద కాపీ పెట్టేది. పైన కలెక్టరున్నడని తెలిస్తే కిందోడు ఫైలు తొక్కిపెట్టడు. నొక్కు బిడ్డా, బిస్మిల్లా అని నొక్కు."

సబా నవ్వుతూ నొక్కింది. నర్సింగం చొక్కా కాలరు సర్దుకుని, అర్జీ జనరల్ మేనేజరు టేబుల్ మీద పెట్టి వచ్చినవాడిలా రోడ్డు మీదికి నడిచాడు.

*

మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో పేలుళ్లకు ముందు సైరన్ మోగగానే షెడ్డులో అందరి కాళ్లూ మిషన్ తొక్కడం ఆపేస్తాయి. భూమి అదిరేటప్పుడు సూది తోలులో ఉంటే పుటుక్కున విరుగుతుంది. సూదులు పైకెత్తి, చేతులు ఒళ్లో పెట్టుకుని అందరూ ఎదురుచూస్తారు. ధన్‌మని నేల లోపల నుంచి చప్పుడు వస్తుంది. రేకులు గలగలమంటాయి. దూలం మీది దుమ్ము కాస్త రాలుతుంది. సమ్మవ్వ తన వాటా తిట్లు గనికి పంపుతుంది. మళ్లీ మిషన్లు మొదలవుతాయి.

మెయిల్ పంపిన కొద్ది రోజులకు, ఒక మధ్యాహ్నం కూడా అదే జరిగింది. కొనేవాడు లేకపోయినా ఉన్న తోలు ఊరికే పడి ఉండకూడదని కుడుతున్నారు. సమ్మవ్వ కింద చాప మీద కూర్చుని కుట్టిన గ్లౌజులను తిరగేస్తోంది. పాత పార కామను నునుపుగా చెక్కిన కర్ర ఒకటి ఆమె దగ్గర ఉంది. దాన్ని ఒక్కో వేలి కొనకు ఆనించి నెడితే లోపలి వేలు బయటికి వస్తుంది. చిటికెన వేలు మాత్రం మొండికేస్తుంది. దానితో సమ్మవ్వ మాట్లాడుతుంది కూడా: "రావే, పెద్దోళ్లందరు వచ్చిండ్రు, నీకేం రోగం?"

రేకులింకా గలగలమంటుండగానే సబా గుమ్మంలో నిలబడింది. ఎండలో గబగబా నడిచి వచ్చినట్టుంది, దుపట్టా అంచుతో ముఖం తుడుచుకుంటోంది. చేతిలో ఒక కాగితం ఉంది.

"జవాబొచ్చింది," అంది. ఆ మాట అన్న తీరులో ఎందుకో సంతోషం తక్కువగా ఉంది. జమున అది గమనించింది.

నర్సింగం గమనించలేదు. అరుగు మీది నుంచి వచ్చి కాగితం అందుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, ముందు తన లోపల చదువుకున్నాడు. తర్వాత తెలుగులో అందరికీ చెప్పాడు. చంద్రాపూర్ దగ్గర ఒక ఇనుము ఫ్యాక్టరీ. అందులో వెల్ఫేర్ ఆఫీసరు, వైశాలి వాఘ్మారే అనే ఆవిడ. మీ దీనగాథ చదివి మా మనసు కరిగింది అని రాసింది. నెలాఖరున ఫ్యాక్టరీ వార్షికోత్సవం. ఆ సభలో ఈ పేద మహిళలకు రెండు కుట్టుమిషన్లు, తలా ఒక చీర మా డైరెక్టరు చేతుల మీదుగా ఇప్పిస్తాము. ముందుగానే చీరలు పంపుతాము, అందరూ అవే కట్టుకుని ఫొటోకు నిలబడాలి. రైలు చార్జీలు మావే.

చెప్పడం అయ్యీ కాకముందే కాగితం పైకెత్తి ఊపాడు. "చూసిండ్రా? అర్జీ అంటే గిది! రాష్ట్రం దాటి పోయింది నా అర్జీ!"

"చీరెలు ఏం రంగంట?" అంది సమ్మవ్వ.

అందరూ నవ్వారు. జమున కాగితం అడిగి తీసుకుని పైనుంచి కింది దాకా చదివింది. మళ్లీ చదివింది. గ్లౌజు అన్న మాట అందులో ఎక్కడా లేదు. వీళ్లు ఏం కుడతారో, ఎలా కుడతారో ఆ ఆఫీసరమ్మకు పట్టలేదు. ఆ తప్పు ఆమెది కూడా కాదు. ఎవరి ఆకలి గురించి రాస్తే వాళ్లకు అన్నమే పెడతారు కాని, వాళ్ల చేతి వంట తిని చూస్తామంటారా?

"ఇవి ఇంట్ల జాకెట్లు కుట్టే మిషన్లు మామా. వీటి మీద తోలు కుట్టంగ సూది దిగది."

"దిగకుంటే జాకెట్లే కుట్టుకోండ్రి. అడగంది అమ్మయినా పెట్టదు బిడ్డా. అడిగినం, పెట్టిండ్రు. నువ్వు గిట్ల మొఖం పెడ్తే ఎట్ల?"

ఆ సాయంత్రం ఆయన వాడకట్టంతటికీ మిర్చిబజ్జీలు తెప్పించాడు. డ్యూటీ దిగి నల్లగా వచ్చిన కొడుకు వీరేందర్ చేతులు కడుక్కోకుండానే ఒకటి నోట్లో వేసుకుని, "బాపు మల్ల గెలిచిండు," అని జమునతో అన్నాడు. అతనికి నిజంగానే సంతోషంగా ఉంది. అరుగు మీద నర్సింగం చుట్టూ జనం. ఆయన చేతులు తిప్పుతూ ఉత్తరం అంతా మొదటి నుంచి చెబుతున్నాడు. రిటైరయ్యాక ఆయన ముఖంలో ఇంత వెలుగు జమున ఎప్పుడూ చూడలేదు. అందుకే ఆమెకు ఏడుపొచ్చింది. ఆ వెలుగును ఆర్పాల్సింది తానేనని ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

*

మర్నాడు పొద్దున్నే, చేతులకు అంటిన తోలు వాసన పోకుండానే, జమున నెట్ సెంటర్‌కు వెళ్లింది. తౌఫీఖ్ ఇంకా రాలేదు. సబా ఒక్కతే కంప్యూటర్ల మీది గుడ్డలు దులుపుతోంది.

"ఇంకేమన్న జవాబులొచ్చినయా?"

సబా మెయిల్ తెరిచి చూపించింది. ఒకటి వచ్చింది. మీ జాబితాలోంచి మా పేరు తీసెయ్యండి అని ఒక్క ముక్క, అంతే.

"ఎందుకట్ల?"

"చూడక్కా." సబా వేలితో చూపించింది. మెయిల్ పైన అడ్రసులు బారులు తీరి ఉన్నాయి. "నువ్వొక దుకాణపాయనవనుకో. నేను నీకు ఉత్తరం రాసిన. గదే ఉత్తరం నీ పక్క దుకాణపాయనకు, ఎదురు దుకాణపాయనకు, పోలీసోళ్లకు గూడ రాసిన్నని దాని మీదనే రాసి పెట్టిన. నీకు చదవబుద్ధి అయితదా?"

జమున నవ్వబోయి ఆగింది. "మరి నువ్వు మామకు చెప్పకపోతివి?"

"చెప్పిన గదక్కా. కాక వింటడా? మా అన్న చిన్నగున్నప్పుడు అబ్బాకు క్వార్టర్ ఇప్పిచ్చింది కాక అర్జీనే. ఆయన ముందు నేనేం మాట్లాడుత?"

ఇద్దరూ కలిసి వాఘ్మారే మేడంకు జవాబు రాద్దామని కూర్చున్నారు. సబా ముందు ఇంటర్నెట్‌లో నమూనా ఉత్తరం ఒకటి వెతికింది. 'మేము దేశవిదేశాల్లో పేరుగాంచిన అగ్రగామి ఉత్పత్తిదారులము, అత్యాధునిక యంత్రాలతో' అని మొదలవుతుంది అది. సబా అర్థం చెబుతుంటే జమున కళ్ల ముందు సమ్మవ్వ పార కామ మెదిలింది. నవ్వు ఆపుకోలేకపోయింది.

"వద్దు తల్లీ. మొన్న బిచ్చగాళ్లమైనం, ఇయ్యాల జమీందార్లమైతే ఎట్ల? ఆమె వచ్చి చూస్త అంటే ఎక్కడ దాక్కుందం?"

సబా చేతులు కీబోర్డు మీది నుంచి తీసేసి కుర్చీని జమున వైపు తిప్పుకుంది. "సరే. నేనే ఆ మేడాన్ని. గిట్ల నీ ముంగట కూసున్న. ఏమంటవ్?"

జమున సిగ్గుపడింది. సంచిలోంచి గ్లౌజు తీసి చేతికి తొడుక్కుంది. తొడుక్కున్నాక మాట దానంతటదే వచ్చింది.

"మేడం, మీరు మా గురించి ఆలోచించిండ్రు, సంతోషం. గని మాకు చీరెలొద్దు, మిషన్లున్నయి. వాటికి పనే లేదు. మీ కొలిమి కాడోళ్ల గ్లౌజులు ముందుగాల ఎక్కడ చినుగుతున్నయి? బొటనేలు మొదట్ల కాదా? మేం గక్కడ రెండు పొరలేస్తం. కుట్టు నడిమిట్ల సన్నటి తోలు పట్టి పెడ్తం, దారం రాపిడికి తెగద్దని. నేను చెప్పంగనే నమ్మకుండ్రి. రెండు జతలు పంపుత. మీ కాడ అన్నిటికి వంకలు పెట్టెటోడు ఒక్కడన్న ఉంటడు గద, వానికియ్యుండ్రి. వాడేమన్నడో నాకు చెప్పుండ్రి. గంతే."

"బస్. ఇంకొక్క ముక్క వద్దు," అంది సబా. అదే ఇంగ్లీషులో పెట్టింది. పైన 'మీ కొలిమి పనివాళ్లకు రెండు జతల గ్లౌజులు' అని విషయం రాసింది. రెస్పెక్టెడ్ సర్ బదులు వాఘ్మారే మేడం అని పేరు పెట్టింది. అంతా కలిపి తెర సగం కూడా నిండలేదు. ఇద్దరూ మళ్లీ మళ్లీ చదువుకున్నారు.

సబా వేలు పంపడానికి సిద్ధమైంది. జమున ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగు. మామకు చెప్పకుండ వద్దు."

"చెప్తే పంపనిస్తడా?"

"పంపనియ్యకుంటె సూద్దం. ఆయన ఎనక నుంచి వద్దు సబా. దాచిపెట్టు దీన్ని."

"కింద పేరు?"

"ఆయనదే ఉంచు. మెయిల్ ఆయన పేరు మీద తెరిచిందే గద. మా ఇంట్ల ఇజ్జత్ ఉన్న పేరు అదొక్కటే," అంది జమున గ్లౌజు విప్పి సంచిలో పెట్టుకుంటూ.

*

చెప్పడానికి వెళ్లేసరికి నర్సింగం పెరట్లో అద్దం ముందు కూర్చుని మీసాలకు రంగు వేసుకుంటున్నాడు. ఫొటోలో తెల్ల మీసాలు బాగుండవని సమ్మవ్వ అందట. రంగు ఆరేదాకా పెదవులు కదపకూడదు. బుగ్గలు బిగబట్టి, కళ్లు మాత్రం తిప్పుతూ కోడల్ని ఏమిటన్నట్టు చూశాడు.

ఆయన మాట్లాడలేని సమయం చూసి చెప్పడం న్యాయం కాదని జమునకు తెలుసు. కానీ ఇప్పుడు చెప్పకపోతే ఎప్పుడూ చెప్పలేదు. పక్కన కూర్చుని, నేల మీద రాలిన వేపాకులను ఒక్కొక్కటే ఏరుతూ చెప్పింది. ఆ చీర కట్టుకుని ఆ ఫొటోలో నిలబడాలని లేదని చెప్పింది. తమకు కావలసింది కొనేవాళ్లని, దానం చేసేవాళ్లు కాదని చెప్పింది. సబాతో కలిసి వేరే మెయిల్ రాసి పెట్టానని, ఆయన సరేనంటేనే పంపుతానని కూడా చెప్పింది.

 నర్సింగం రంగు సంగతి మరచిపోయి పెదవులు కదిపాడు.

"అంటే... నేను నీతోటి బిచ్చమెత్తిచ్చిన్నన్నట్టా?"

"నువ్వు మాకోసమే రాసినవ్ మామా. గది నాకు తెల్వదా?"

"అడిగిన దానికి చెప్పు."

 ఏరిన వేపాకులు జమున చేతిలోనే ఉండిపోయాయి. నర్సింగం లేచాడు. చెంబెడు నీళ్లు ముఖం మీద కొట్టుకుని, దండెం మీది చొక్కా వేసుకుని బయటికి నడిచాడు. సగం కడిగిన రంగు పై పెదవి పక్కన నల్లటి మరకగా మిగిలింది. మామా, మూతి తుడుచుకో అని పిలవబోయి జమున గొంతులోనే ఆపేసుకుంది. కన్నతండ్రి లేని పిల్ల ఆమె. ఈ ఇంటికి వచ్చాక బాపు అన్న పిలుపు లోటు తెలియకుండా చూసుకున్న మనిషిని ఇలా వీధిలోకి పంపినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం అన్నానికి ఆయన రాలేదు. జమున ఆయన గిన్నె మీద మూత పెట్టి, కాసేపాగి మూత తీసి చూసి, మళ్లీ పెట్టింది. సైరన్ మోగింది. మిషన్లు ఆగాయి. భూమి అదిరింది. జమున మళ్లీ మిషన్ దగ్గర కూర్చోలేదు.

"పో బిడ్డా, పోయి తోల్కరాపో," అంది సమ్మవ్వ చిటికెన వేలితో కుస్తీ ఆపి. "ఆయన అలిగితే ఎక్కడికి పోతడు, గోదారిల దుంకుతడా? యూనియన్ ఆఫీసు కాడ చూడు."

యూనియన్ ఆఫీసు దగ్గర లేడు. చౌరస్తాలో టీ కొట్టు దగ్గర లేడు. రిటైరైన వాళ్లు పులిజూదం ఆడుకునే చోటా లేడు. ఎండ నడినెత్తి మీద ఉంది. గోదావరిఖని ఎండకు పిట్ట కూడా గూడు దాటదు. కొంగు తల మీద కప్పుకుని జమున నెట్ సెంటర్ మెట్లు ఎక్కింది, సబాను తోడు అడుగుదామని.

లోపల కూలర్ ఆపేసి ఉంది. ఆ ఉక్కలో, చెమటలు కారుతూ, నర్సింగం కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. తెర మీద ఆమె రాసిన మెయిల్ ఉంది. సబా గోడకు ఆనుకుని నిలబడింది. దగ్గవద్దన్నట్టు జమునకు సైగ చేసింది.

ఆయన వెనక్కి తిరక్కుండానే కోడలు వచ్చిందని గ్రహించాడు.

"కాపీ టు కాడ ఏం పెట్టలే?"

"లేదు మామా. కాపీ ఎవ్వరికి లేదు."

"కలెక్టరుకు గూడ?"

"ఎవ్వరికి లేదు. ఆమె ఒక్కదానికే."

ఆయన తలాడించాడు. వేలు తెర మీద ఆనించి, మస్టర్‌లో పేర్లు చూసేవాడిలా ఒక్కో వరుస కిందికి దిగాడు. వంకలు పెట్టేవాడి మాట దగ్గర వేలు ఆగింది. ముక్కుతో చిన్నగా నవ్వాడు. "మా బాయిల గసొంటోడు ఒకడుండె. పోశం. టీ కప్పుకు గూడ వంక పెట్టెటోడు." వేలు మళ్లీ దిగింది. అన్నిటికన్నా కింద తన పేరు దగ్గర ఆగిపోయింది.

"అంత మంచిగనే ఉన్నది. గిక్కడ తప్పున్నది," అన్నాడు.

 పంపనివ్వడనుకుంది జమున.

"గిది నేను రాసింది కాదు. నా పేరెందుకున్నది దీని కింద?"

"నీ పేరుంటేనే..."

"నా పేరు అడుక్కునేటి కాడ మస్తు పనిచేసింది బిడ్డా. గీడ దానితోని పని లేదు." ఆయన సబాను అడిగి పేరు తుడిచే మీట తెలుసుకున్నాడు. నర్సింగం, రిటైర్డ్ మస్టర్ క్లర్క్ అన్న అక్షరాలను ఒక్కొక్కటే తనే తుడిచేశాడు. తర్వాత కళ్లద్దాలు పైకి నెట్టుకుని, కీబోర్డు మీద అక్షరాల కోసం వెతుక్కుంటూ, ఒక్క వేలితో జమున అని కొట్టాడు. ఇంగ్లీషులో 'జె' ఎక్కడుందో ఆయనకు చాలాసేపు దొరకలేదు. చూపించబోయిన సబా చేతిని పక్కకు నెట్టాడు.

కొట్టడం అయ్యాక ఇటు తిరిగాడు. పెదవి పక్కన నల్లమరక అలాగే ఉంది.

"ఆ నాడు సంతకం చేస్తనంటివి. నేనేమో ఏలు వట్టి నొక్కితి. చదువుకున్న పిల్లతోటి ఏలుముద్ర ఏయిస్తిని." ఆయన ఆమె బొటనవేలి వైపు చూశాడు. "బాధయిందా బిడ్డా?"

అయిందని తల ఊపింది జమున. ఊపుతూనే ఏడ్చేసింది. నర్సింగం తత్తరపడి లేచి, ఏం చేయాలో తోచక, తన భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని తీసుకుని తన కళ్లు తుడుచుకోకుండా ముందు ఆయన మూతి పక్కన మరక తుడిచింది. అది పోలేదు. సబా ఫక్కున నవ్వి, తప్పయిందన్నట్టు నోరు మూసుకుంది.

"నవ్వు, నవ్వు. ముందుగాల నొక్కు," అన్నాడు నర్సింగం. "జల్ది నొక్కు. అవతల నాకు ఆకలయితాంది."

*

రెండు జతలను సమ్మవ్వ తెల్లగుడ్డలో పెట్టి కుట్టింది. బల్లార్షా వైపు రైల్లో పోయే వీరేందర్ స్నేహితుడు ఒకడు వాటిని ఆ ఫ్యాక్టరీ గేటులో ఇచ్చి వచ్చాడు. తర్వాత చాలా రోజులు ఏమీ జరగలేదు. వార్షికోత్సవం వెళ్లిపోయింది. ఆ చీరలు వేరే ఊరి ఆడవాళ్లు ఎవరో కట్టుకుని ఉంటారు. సమ్మవ్వ ఆ చీరల రంగు గురించి రోజూ ఒక కొత్త ఊహ చేసేది. ఒకరోజు చిలకపచ్చ అనేది, ఒకరోజు వంకాయ రంగు అనేది. నర్సింగం మీసాలు మళ్లీ మొదళ్లలో తెల్లబడ్డాయి. నెట్ సెంటర్‌కు ఆయన పొద్దునొకసారి, సాయంత్రమొకసారి వెళ్లి వచ్చేవాడు. వచ్చి చెప్పులు విప్పి నేరుగా అరుగు మీద కూర్చునేవాడు. అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

మబ్బులు పట్టిన ఒక సాయంత్రం ఆయన మామూలు కన్నా నెమ్మదిగా నడుస్తూ వచ్చాడు. చేతిలో మడిచిన కాగితం ఉంది. గుమ్మంలో నిలబడి దాన్ని తాను చదవలేదు. జమున మిషన్ మీద పెట్టి, "నీ పేరు మీదొచ్చింది," అన్నాడు.

జమున చదివింది. వాఘ్మారే మేడం గ్లౌజులను స్టోర్సు వాళ్లకు పంపిందట. స్టోర్సు వాళ్లు వాటిని కొలిమి దగ్గర అందరికన్నా మొండిఘటానికి ఇచ్చారట. బొటనవేలు దగ్గర చినగలేదని అతనే ఒప్పుకున్నాడు. కానీ మణికట్టు దగ్గర పొట్టిగా ఉంది, నిప్పురవ్వలు లోపలికి పడుతున్నాయని వంక పెట్టాడు. ఇంకో జానెడు పొడుగు పెంచి కుట్టగలరా? కుట్టగలిగితే ముందు ఒక విడత పంపండి, నచ్చితే ప్రతినెలా తీసుకుంటాము. కింద ఇంకో వాక్యం మేడం తన మాటగా రాసింది. మిమ్మల్ని ఫొటోకు రమ్మన్నందుకు ఏమనుకోవద్దు, మొదటి ఉత్తరం చదివి నేను వేరేగా అనుకున్నాను.

షెడ్డులో ఎవరూ కేకలు పెట్టలేదు. సంతోషం మరీ ఎక్కువైనప్పుడు మనుషులు పనిలో పడతారు. జమున అప్పటికప్పుడు అట్ట ముక్క తీసి పొడుగు మణికట్టు కొలత గీయడం మొదలుపెట్టింది. ఇద్దరు తోలు చుట్ట విప్పి పరిచారు. వీరేందర్ మిర్చిబజ్జీలు తెస్తానని సైకిల్ ఎక్కాడు.

"చీరె పాయె గని, పని దొరికింది," అంది సమ్మవ్వ పార కామ పక్కన పెట్టి. లేచి, నడుము పట్టుకుని, అరుగు మీద కూర్చున్న నర్సింగం దగ్గరికి వెళ్లింది. "నర్సింగమన్నా, కోడలు గెలిచిందని గమ్మున కూసుంటవా? నాకొక అర్జీ రాయి. క్వార్టర్ల రేకు పలిగింది, వానలొస్తానయి."

నర్సింగం ముఖం విప్పారింది. తెల్లకాగితం, అట్ట, కలం తెచ్చుకున్నాడు. అలవాటు చొప్పున కలం దానంతటదే 'ఐ బెగ్ టు' దాకా పోయి అక్కడ ఆగింది. కాగితం వృథా చేసే మనిషి కాదాయన. దాన్ని తిప్పి రెండో వైపు పెట్టుకున్నాడు.

"సమ్మవ్వా, ఇంజినీరు గిట్ల నీ ముంగట కూసున్నడనుకో. ఏమంటవ్?"

"ఏమంటనా? సారూ, నా మంచం మీద రేకు పలిగింది. పోయినేడు బకిట్లు పెట్టుకొని కూసున్న. ఈయేడు నువ్వే వచ్చి ఎత్తిపొయ్యి అంట."

"ఎత్తిపోసుడు తీసేద్దం. కడమదంత మంచిగుంది," అంటూ రాశాడు.

"కాపీ టు, మామా?" జమున లోపల నుంచి నవ్వుతూ అరిచింది.

"యూనియన్ లీడరుకు ఒక్కటి పెట్టక తప్పదే. లేకుంటె అలుగుతడు."

రాయడం ముగిసింది. ఇంకు ప్యాడ్ మూత తీశాడు. ఆయన చెయ్యి ఎప్పటిలాగే సమ్మవ్వ బొటనవేలి వైపు వెళ్లింది. మధ్యలో ఆగింది. ప్యాడ్‌ను మెల్లగా ఆమె ముందుకు జరిపాడు.

"నువ్వే ఏసుకో."

"చెదురుతది గదనే?"

"చెదిరితే చెదరనియ్."

సమ్మవ్వ ఆయన వైపు వింతగా చూసి, వేలు కొంగుకు తుడుచుకుని, ఇంకులో అద్ది కాగితం మీద గట్టిగా నొక్కింది. ముద్ర కాస్త వంకరగా పడింది. నర్సింగం దాన్ని కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని చూశాడు. బాగుందన్నట్టు తలాడించి, తడి ఆరేదాకా కిటికీలో పెట్టాడు.